నై కమిటీ: ఆయుధ లాభాలు, అమెరికా తటస్థత

ఆయుధ పరిశ్రమపై విచారణకు అమెరికా సెనెట్ 1934 ఏప్రిల్‌లో వేసిన సంఘం ఇది. నార్త్ డకోటా సెనెటర్ జెరాల్డ్ నై అధ్యక్షుడు కావడంతో ఆయన పేరుతోనే వాడుకలో నిలిచింది. యుద్ధంలో లాభపడేవాళ్ళే దేశాన్ని యుద్ధంలోకి దించుతారని, ఆ లాభానికి అడ్డుకట్ట వేస్తే దేశం తటస్థంగా ఉండగలదని ఒక వాదన. అది చట్టరూపం దాల్చడానికి దారి వేసినది ఈ సంఘమే.

వాదన అంతకుముందే ఉంది. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలయ్యాక అమెరికా విదేశాంగ మంత్రి విలియం జెన్నింగ్స్ బ్రయాన్ పోరాడుతున్న దేశాలకు అప్పులివ్వకూడదన్నాడు. ఆ కట్టడి ఎంతోకాలం నిలవలేదు. 1915లో జె.పి. మోర్గాన్ బ్యాంకు బ్రిటన్ తరఫున సరుకు కొనే ఏజెంటయింది. అదే ఏడాది బ్రిటన్, ఫ్రాన్స్‌లకు 50 కోట్ల డాలర్ల అప్పు పుట్టించింది. 1917 ఏప్రిల్ 4న జర్మనీపై యుద్ధ తీర్మానం సెనెట్‌లో 82-6 ఓట్లతో నెగ్గింది. వ్యతిరేకించిన ఆరుగురిలో ఒకడైన జార్జ్ నోరిస్, జాతీయ జెండా మీద డాలరు గుర్తు వేయబోతున్నామని హెచ్చరించాడు.

ఆ మాటను జనం ఆర్థిక మాంద్యంలో మళ్ళీ తలుచుకున్నారు. 1934లో ఫార్చ్యూన్ పత్రిక యూరప్ ఆయుధ కంపెనీలపై వ్యాసం ప్రచురించింది. ‘మర్చంట్స్ ఆఫ్ డెత్’ పుస్తకం బాగా అమ్ముడుపోయింది. శాంతి ఉద్యమకారిణి డొరొతీ డెట్జర్ సెనెటర్ల వెంటపడి విచారణకు ఒప్పించింది.

సంఘం రెండు వందల మందికి పైగా సాక్షులను పిలిచింది. డ్యూపాంట్ సోదరులు, మోర్గాన్ జూనియర్ బోనెక్కారు. విదేశాల్లో ఆర్డర్ల కోసం ఇచ్చిన లంచాలు, జలాంతర్గాముల బేరాల్లో ఆయుధ దళారి బాసిల్ జహరాఫ్‌కు ముట్టిన కమీషన్లు బయటపడ్డాయి. 1915-17 మధ్య మిత్రపక్షానికి సుమారు 230 కోట్ల డాలర్లు, జర్మనీకి 2.7 కోట్లు అప్పుగా వెళ్ళాయని లెక్క తేలింది. ఈ తేడా ఒక్కటే జనానికి కుట్రలా కనిపించింది. నిజానికి సంఘం రుజువు చేసింది లాభాన్ని. ఆ లాభమే దేశాన్ని యుద్ధంలోకి లాగిందన్నది మాత్రం రుజువు కాలేదు. జర్మనీ జలాంతర్గాములు అమెరికా ఓడలను ముంచిన సంగతి ఆ లెక్కల్లో ఇమడదు.

1936 జనవరిలో నై ఒక అడుగు ముందుకేసి, మిత్రపక్షాల రహస్య ఒప్పందాల విషయంలో యుద్ధకాలపు అధ్యక్షుడు విల్సన్ అబద్ధమాడాడన్నాడు. డెమొక్రాట్లు మండిపడ్డారు. వారిలో సెనెటర్ కార్టర్ గ్లాస్ బల్లను బాదిన బాదుడుకు వేలి కణుపులు చిట్లి రక్తం కారింది. సంఘానికి నిధులు ఆగిపోయాయి. ఆయుధ తయారీని ప్రభుత్వమే చేపట్టాలన్న సిఫారసుకు ఏడుగురిలో నలుగురే మొగ్గారు, అదీ అమలుకాలేదు.

చట్టాలు మాత్రం వచ్చాయి. 1935 ఆగస్టు చట్టం యుద్ధంలో ఉన్న దేశాలన్నిటికీ ఆయుధాల అమ్మకం నిషేధించింది. 1936లో అప్పులూ ఆగాయి. 1937లో స్పెయిన్ అంతర్యుద్ధానికీ నిషేధం వర్తించింది. గత యుద్ధంలోని ఒక్కో దారినీ వరసగా మూశారు. కొత్త యుద్ధాలు వేరే దారిన వచ్చాయి. నిషేధం తుపాకులకే కాబట్టి ఇథియోపియాను ఆక్రమిస్తున్న ఇటలీకి అమెరికా చమురు అందుతూనే ఉంది. స్పెయిన్ రిపబ్లిక్‌కు ఆయుధాలు దొరకలేదు. దానిపై తిరగబడిన ఫ్రాంకోకు టెక్సాకో కంపెనీ చమురు అప్పు మీద దొరికింది. వ్యాపారుల లాభం ఆపడానికి పుట్టిన చట్టం చివరికి బలహీనుడి చేతులే కట్టేసింది. దీన్ని నై కూడా గ్రహించాడు కాబోలు, స్పెయిన్‌పై నిషేధం ఎత్తేయాలని 1938లో తానే తీర్మానం పెట్టాడు. అది నెగ్గలేదు.

1939 నవంబరులో ఆయుధ నిషేధం పోయి, రొక్కమిచ్చి సొంత ఓడల్లో తీసుకుపోవచ్చన్న నిబంధన వచ్చింది. 1941 మార్చిలో లెండ్-లీజ్ చట్టంతో రొక్కం అవసరమూ తప్పింది. పెర్ల్ హార్బర్‌పై దాడి జరిగిన రోజున నై పిట్స్‌బర్గ్‌లో యుద్ధ వ్యతిరేక సభలో ఉన్నాడు. 1944 ఎన్నికల్లో సెనెట్ స్థానం కోల్పోయాడు.