కొల్లేటి చెరువులో తవుడు సంచి

హంసలదీవి దగ్గర సముద్రంలో కలిసే కృష్ణ తెచ్చే ఒండ్రుతో ఈ తీరపు నీరు మడ్డిగా ఉంటుంది. ఎండ లోపలికి దిగే తేటనీరు కావలసిన పగడాలు ఇక్కడ దిబ్బలు కట్టలేవు. వాటికి మన్నార్ సింధుశాఖ, లక్షద్వీప్ తావులు. గాజు తొట్టెలో పగడాన్ని పెంచేవారు ముందు నీటిని సిద్ధం చేస్తారు, అది ఎంత పెద్దదవుతుందో లెక్కవేసి చోటు విడుస్తారు. నీటిని, చోటును మలిచే అలాంటి విద్యే కొల్లేరు సరస్సు పక్కన కైకలూరు చుట్టుపక్కల మట్టిగట్ల మధ్య చేపల సాగుగా ఎదిగింది. దాన్ని పరిశోధనాలయాల విజయంగా చెప్పడం పరిపాటి. కానీ కొల్లేటి పద్ధతికి ప్రాణం పోసింది రైతు పరిశీలనే అని నా నమ్మకం.

1957లో హీరాలాల్ చౌధురి, అలికున్హి పీయూషగ్రంథి రసం ఎక్కించి కార్పు చేపల చేత గుడ్లు పెట్టించారు. అలా పుట్టించిన చేపపిల్ల లేకపోతే ఈ సాగే లేదని ఒక అభ్యంతరం. అది న్యాయమైనదే. కానీ పిల్ల దొరికాక జరిగింది వేరు. శాస్త్రజ్ఞులు ఆరు రకాల చేపల మిశ్రమ సాగు చెప్పారు. 1970ల్లో ప్రభుత్వమే మత్స్యకారుల సహకార సంఘాలకు చెరువులు తవ్వించింది. తర్వాత ప్రైవేటు చెరువులు పెరిగేకొద్దీ రైతులు హౌరా మార్కెట్టు అడిగే శీలావతి, బొచ్చె చేపలకు మొగ్గారు. వేలెడు పిల్లను నేరుగా పెద్ద చెరువులో వదిలితే చాలా భాగం చస్తుంది. అందుకే చిన్న చెరువులో ఒత్తుగా వేసి, మేత తగ్గించి, ఏడాది పాటు గిడసబార్చారు. 100 గ్రాములు దాటిన ఆ పిల్లకు విశాలమైన నీరు, కడుపునిండా మేత దొరకగానే ఆగిన ఎదుగుదల ఒక్కసారిగా అందుకుంటుంది. మేత పెట్టే తీరు ఇంకా గొప్పది. తవుడు చల్లితే అడుగున చేరి కుళ్లి, నీటిలోని ఆక్సిజన్‌ను తినేస్తుంది. రంధ్రాలు పెట్టిన సంచిలో నింపి వెదురు గడలకు వేలాడదీస్తే చేప వచ్చి పొడుచుకు తింటుంది. సంచిలో మిగిలిన తవుడును బట్టి చెరువు ఆరోగ్యం తెలుస్తుంది. ఖరీదైన పరికరం చెప్పే సంగతిని పాత సంచి చెప్పగలగడం నాకు అపురూపంగా తోస్తుంది.

ఈ నేర్పే సరస్సును మింగిందని మరో అభ్యంతరం. అది కాదనలేనిది. బుడమేరు, తమ్మిలేరు నీళ్లు చేరి ఉప్పుటేరు గుండా సముద్రానికి పోయే కొల్లేటిలో గట్లు వేస్తే నీటిదారి మూసుకుంటుంది, పక్షులకు నెలవు పోతుంది. 1999లో ప్రభుత్వం దాన్ని అభయారణ్యంగా ప్రకటించింది, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలగా రాంసర్ గుర్తింపు వచ్చింది, 2006లో అభయారణ్యం హద్దైన ఐదో కాంటూరు గీత లోపలి చెరువుల గట్లు తెంచారు. అయితే తప్పు సంచిది కాదు, గట్టు వేసిన చోటుది. కాంటూరు బయటి వరిచేలల్లో తవ్విన చెరువుల్లోనూ అదే మేత పద్ధతి నడిచింది. సరస్సును ఆక్రమించకుండానే ఈ విద్య బతకగలదని అవే రుజువు.