ఆగస్టు 23: మనం దాటేసిన ఏడాది

ఆగస్టు 23 అనగానే ఆంధ్రదేశంలో ప్రకాశం పంతులుగారి జయంతి గుర్తుకొస్తుంది. నాకు మాత్రం అది చాలాకాలం స్టాలిన్‌గ్రాడ్ తేదీ. 1942లో ఆ రోజు ఆదివారం. రిక్టోఫెన్ నాయకత్వాన జర్మన్ విమానాలు ఓల్గా ఒడ్డున ఉన్న ఆ నగరం మీద విరుచుకుపడ్డాయి. అయిదేళ్ల కిందట స్పెయిన్‌లో గెర్నికా పట్టణాన్ని బూడిద చేసిన దాడికి పథకం వేసినవాడూ ఇతడే. పికాసో బొమ్మ తెలిసిన మనకు ఈ పేరు తెలియకపోవడం చిత్రం. సాయంత్రానికి జర్మన్ ట్యాంకులు నగరానికి ఉత్తరాన నదిగట్టు చేరాయి. వాటికి అడ్డంగా నిలిచింది 1077వ విమాన విధ్వంసక రెజిమెంటు. అందులో చాలామంది అప్పుడే బడి చదువు ముగించిన ఆడపిల్లలు. ఆకాశానికి గురిపెట్టే ఫిరంగులను నేలకు వంచి, 37 ఫిరంగులూ ధ్వంసమయ్యేదాకా పేల్చారు.

ఈ ఘట్టాన్ని సభల్లో ఎన్నోసార్లు చెప్పాను. ఒక సాహిత్య పాఠశాలలో ఒక విద్యార్థి లేచి, "మూడేళ్ల ముందు అదే తేదీన మాస్కోలో జరిగింది కూడా చెప్పండి మాస్టారూ" అన్నాడు. టైము లేదన్నాను. టైము ఉంది, నా దగ్గర జవాబే లేదు. ఇప్పుడు రాస్తున్నాను.

1939 ఆగస్టు 23 తేదీతో మొలొటోవ్, రిబ్బెన్‌ట్రాప్ క్రెమ్లిన్‌లో నిరాక్రమణ ఒడంబడిక మీద సంతకాలు చేశారు. పక్కనే స్టాలిన్ ఉన్నాడు. దీన్ని సమర్థించే వాదన మనకు కంఠతా వచ్చు. అందులో నిజమూ ఉంది. 1938లో మ్యూనిక్‌లో బ్రిటన్, ఫ్రాన్స్‌లు చెకోస్లొవేకియాను కోసి హిట్లర్ చేతిలో పెట్టాయి. సోవియట్ యూనియన్‌ను పిలవనైనా లేదు. మరుసటి ఆగస్టులో మాస్కోకు పంపిన సైనిక బృందాన్ని నెమ్మదిగా నడిచే ఓడలో పంపాయి. బ్రిటిష్ ప్రతినిధి డ్రాక్స్ దగ్గర సంతకం చేసే అధికారపత్రమే లేదు. ఎర్రసైన్యం తన నేల మీదుగా నడవడానికి పోలండ్ ఒప్పుకోలేదు. వ్యవధి సంపాదించుకోవడం తప్ప గత్యంతరం లేదని ఇంతవరకు వాదించవచ్చు.

కాని ఒడంబడిక వెంట ఒక రహస్య అనుబంధం ఉంది. నరేవ్, విస్తులా, సాన్ నదులను గీతగా పెట్టుకొని పోలండ్‌ను పంచుకున్నారు. ఫిన్లాండ్, ఎస్టోనియా, లాత్వియా సోవియట్ వాటా. లిథువేనియా మొదట జర్మనీ వాటా. సెప్టెంబరు 1న హిట్లర్ సేనలు, 17న ఎర్రసైన్యం పోలండ్‌లో ప్రవేశించాయి. వ్యవధి కోసం పరాయి ప్రజల దేశాన్ని పంచుకోవచ్చునా అన్న ప్రశ్న దగ్గర మన సిద్ధాంత పాండిత్యం నోరు మెదపదు. ఆ వ్యవధిలో జరిగిందేమిటి? 1941 జూన్ 22న దాడి మొదలయ్యేదాకా సోవియట్ ధాన్యమూ చమురూ జర్మనీకి వెళుతూనే ఉన్నాయి.

అనుబంధం నకలును అమెరికా 1948లో అచ్చువేస్తే, ప్రచ్ఛన్నయుద్ధపు కట్టుకథ అని కొట్టిపారేశాం. 1989 ఆగస్టు 23న టాలిన్ నుంచి రీగా మీదుగా విల్నియస్ దాకా, 600 కిలోమీటర్లకు పైగా, జనం చేతులు పట్టుకుని నిలబడ్డారు. ఆ డిసెంబరులో సోవియట్ ప్రజాప్రతినిధుల మహాసభే ఆ రహస్య పత్రాలను ఖండించింది. మనలో ఎంతమందిమి మన పాత రాతలను సవరించుకున్నాం?

ఇది పరాయి చరిత్ర కాదు. 1939లో సామ్రాజ్యవాద యుద్ధమన్నది, సోవియట్ మీద దాడి జరిగాక 1941 చివరికి ప్రజాయుద్ధమైంది. అభ్యుదయ రచయితల సంఘం తొలి మహాసభ తాపీ ధర్మారావుగారి అధ్యక్షతన 1943 ఫిబ్రవరిలో తెనాలిలో జరిగింది. ఆ నెల 2నే స్టాలిన్‌గ్రాడ్‌లో చివరి జర్మన్ దళాలు లొంగిపోయాయి. ఆనాటి ఉత్సాహాన్ని నేను తక్కువ చేయను. అయితే అదే తెనాలిలో ఆరు నెలల కిందట, ఆగస్టు 12న, క్విట్ ఇండియా జనం మీద పోలీసులు కాల్పులు జరిపితే ఏడుగురు చనిపోయారు. ప్రజాయుద్ధ విధానం మనవాళ్లను ఆ ఏడుగురికి దూరంగా నిలబెట్టింది.

1939ని దాచినచోట 1942 కూడా పూర్తిగా బయటికి రాలేదు. స్టాలిన్‌గ్రాడ్‌లో ఉండి యుద్ధవార్తలు రాసిన వాసిలీ గ్రాస్‌మన్ ఆ యుద్ధం మీదే 'జీవితం, విధి' నవల రాస్తే, 1961లో కె.జి.బి. వాళ్లు రాతప్రతులతోబాటు టైపు రిబ్బన్లు కూడా పట్టుకుపోయారు. సోవియట్ దేశంలో అది 1988లో అచ్చయింది. గ్రాస్‌మన్ 1964లోనే చనిపోయాడు.