తుగ్యానీ నాడు మిగిలిన పుల్

మా భాంజా కోఠిలో నెట్‌వర్కింగ్ నేర్చుకుంటున్నాడు. మొన్న పరేషాన్‌గా వచ్చాడు.

"మామూ, రెండు రౌటర్ల మధ్య రెండు కేబుళ్లు వేశాను. ఒకటి తెగినా ఇంకోటి ఉంటుందని. రెండింటికీ ఒకటే సబ్‌నెట్ ఇస్తే రౌటర్ ఒప్పుకోవట్లేదు."

వాడిని చాదర్‌ఘాట్ పుల్ దాకా నడిపించుకెళ్లాను. 1908కి ముందు ఇక్కడి మూసీ మీద నాలుగు పుల్‌లు ఉండేవి: పురానాపుల్, ముసల్లంజంగ్, అఫ్జల్, చాదర్‌ఘాట్. దేని పేరు దానిదే, దేని రాస్తా దానిదే. రౌటర్ కూడా అడ్రస్ ముందు భాగం చూసే ఏ దర్వాజా నుంచి పంపాలో ఫైసలా చేస్తుంది. రెండు దర్వాజాలకు ఒకటే పేరు పెడితే ఎటు పంపాలి బిచారా?

అందుకే ఒక్కో లింకుకు ఒక్కో సబ్‌నెట్. మా జమానాలో స్లాష్ 30 ఇచ్చేవాళ్లం. అందులో నాలుగు అడ్రసులు. ఒకటి సబ్‌నెట్ పేరుకు, ఒకటి అందరికీ ఎలాన్ చేయడానికి పోగా, పనికొచ్చేవి రెండే. ఉన్నదే ఇద్దరైతే ఎలాన్ ఎవరికి? 2000 డిసెంబర్‌లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 3021 ఆ ఇస్రాఫ్‌ను ఆపింది. స్లాష్ 31లో రెండు అడ్రసులు, రెండూ పనికొస్తాయి. నాలుగు పుల్‌లకు పదహారు బదులు ఎనిమిది చాలు.

"అయితే నాలుగు లింకులుంటే బేఫికర్ కదా మామూ?"

తుగ్యానీని అడుగు, అన్నాను. 1908 సెప్టెంబర్ 28. రంజాన్ అప్పుడే మొదలైంది. ఆ ఒక్క తుగ్యానీలోనే అఫ్జల్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ మూడూ పోయాయి. రుబాయీల షాయర్ అమ్జద్ హైదరాబాదీ తల్లిని, బీవీని, కూతుర్ని మూసీ తీసుకుపోయింది. అఫ్జల్‌గంజ్ దవాఖానాలో చింతచెట్టెక్కిన నూటయాభై మంది దాకా బతికారు. రెండు ఒడ్లనూ కలుపుతూ మిగిలింది పురానాపుల్ ఒక్కటే. ఇబ్రహీం కుతుబ్‌షా 1578లో కట్టించింది. అప్పటికే 330 ఏళ్ల ముసలిది!

పేర్లు నాలుగైనా నది ఒకటే కదా. నేను పనిచేసిన ఒక దఫ్తర్‌లోనూ ఇదే జరిగింది. కాగితం మీద రెండు లింకులు, రెండు సబ్‌నెట్లు, లెక్క బరాబర్. రెండు కేబుళ్లనూ ఒకే గుంతలో పూడ్చారని మాకు తెలియదు. నీళ్ల పైపు కోసం తవ్వినవాళ్లు ఒక్క దెబ్బకు రెండూ తెంపేశారు. ఆ రాత్రంతా ఫోన్లకు జవాబు చెప్పింది నేనే.

హైదరాబాద్ మాత్రం పుల్‌లు మళ్లీ కట్టి ఊరుకోలేదు. 1909లో విశ్వేశ్వరయ్యను పిలిపించింది. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. వరదను పైనే ఆపే ఇంతెజామ్ అన్నమాట.

భాంజా ఆ రాత్రే రెండు స్లాష్ 31లు రాసుకున్నాడు. మర్నాడు క్లాసులో, "ఉస్తాద్, ఈ రెండు కేబుళ్లూ ఏ గల్లీలోంచి పోతాయి?" అని అడిగాడట.