చెవికెక్కిన కాగితం

తెలుగులో కమ్మ అంటే తాటాకు. ఆ ఆకు మీద గంటంతో రాసి పంపిన ఉత్తరమూ కమ్మే, ఆడవాళ్లు చెవులకు పెట్టుకునేదీ కమ్మే. ఒకే మాటకు ఈ మూడర్థాలూ ఊరికే రాలేదు. తాటాకును చుట్టగా చుట్టి చెవి తూటులో దోపుకోవడం దక్షిణాదిలో పాత అలవాటు. అమరకోశం కూడా చెవి నగల పేర్లలో తాళపత్రాన్ని చేర్చింది. తర్వాత ఆకు పోయి బంగారం వచ్చింది, పేరు మాత్రం ఆకుదే మిగిలింది. కాగితంతో నగలేమిటని ఎవరైనా ముక్కున వేలేసుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది ఈ మాటే. రాసుకునేదాన్ని చెవికి పెట్టుకోవడం మనకు కొత్త కాదు.

అలాగని నేటి కాగితపు నగ తాటాకు నుంచి నేరుగా దిగిరాలేదు. దాని ఇంటిపేరు వేరు. 15, 16 శతాబ్దాల ఐరోపాలో క్రైస్తవ మఠాల సన్యాసినులు, పుస్తకాల అంచులు కత్తిరించగా మిగిలిన బంగారు పూత పట్టీలను చుట్టలు చుట్టి, పవిత్ర అవశేషాలు దాచే పెట్టెలకు అతికించేవారు. మన కరీంనగర్ వెండి తీగపని చూసినవాళ్లకు ఆ అల్లిక తేలిగ్గా కళ్లకు కడుతుంది. వాళ్లు అనుకరించింది అలాంటి తీగపనినే, కాకపోతే లోహం కొనే డబ్బు లేదు. పక్షి ఈక కాడకు చుట్టేవారు గనక దీనికి ఇంగ్లండులో క్విల్లింగ్ అనే పేరు పడింది. 18వ శతాబ్దానికి అది అక్కడి కలవారి ఆడపిల్లల కాలక్షేపమైంది. 1791లో రాజు మూడో జార్జి కూతురు ఎలిజబెత్‌కు ఈ పని కోసం 15 ఔన్సుల కాగితం, మరో ఔన్సు బంగారు కాగితం సరఫరా అయ్యాయి. పేదరికంలో పుట్టిన పని అంతఃపురం చేరిందన్నమాట. అయినా దాని ధ్యాసంతా బంగారంలా కనిపించడం మీదే.

కాగితం మెడలోకి వచ్చింది పూసల రూపంలో. పొడవాటి త్రిభుజంలా కత్తిరించిన కాగితాన్ని వెడల్పు వైపు నుంచి సన్నని పుల్లకు చుట్టుకుంటూ పోతే, నడుమ లావుగా, కొసల్లో సన్నగా పూస తయారవుతుంది. విక్టోరియా కాలపు ఇంగ్లండులో గోడ కాగితం ముక్కలతో ఇలా చేసేవారు. మా ఇంట్లో పాత క్యాలెండర్లతో చేసి గుమ్మానికి తెరగా వేలాడదీసేవారు. అందులో దేవుళ్ల ముఖాలు ఎక్కడ చుట్టుకుపోయాయోనని వెతకడం నాకో ఆట. ఉగాండాలో ఈ పూసే కూడు పెట్టింది. 2004లో మొదలైన బీడ్‌ఫర్‌లైఫ్ సంస్థ కంపాలా మురికివాడల స్త్రీలు చుట్టిన పూసలను పై దేశాల్లో అమ్మింది.

అంతకు చాలా ముందే, 1960లలో గాలి మారింది. 1966లో అమెరికాలో స్కాట్ పేపర్ కంపెనీ కాగితం గౌనును డాలరుంపావుకు అమ్మింది. ఇంచుమించు ఆ రోజుల్లోనే ఇంగ్లండులో వెండీ రామ్‌షా, డేవిడ్ వాట్కిన్స్ దంపతులు రంగులు అచ్చువేసిన కాగితపు నగలను చదునుగా అమ్మారు. కొన్నవాళ్లే మడిచి, కూర్చుకుని పెట్టుకోవాలి. నాలుగు రోజులు పెట్టుకుని పారేయడమే అందులోని సరదా.

నా లెక్కలో అసలు మలుపు నెదర్లాండ్స్‌కు చెందిన నెల్ లిన్సెన్‌ది (1935–2016). 1980ల నడుమ నుంచి ఆమె పేకముక్కల్లా సన్నని ప్లాస్టిక్ పూత ఉన్న కాగితాన్ని తీసుకుని ఒకే కొలతతో కత్తిరించి, ఒకే తీరుగా మడిచి, ఎలాస్టిక్ దారానికి గుచ్చుతూ పోయింది. విడిగా చూస్తే ఒక్కో ముక్క పిల్లలు మడిచి పారేసిన కాగితమే. వరసగా చేర్చేసరికి ఒకదాని మడత ఇంకోదాన్ని పట్టుకుని నిలబెడుతుంది. చదునైన కాగితం వాలిపోతుంది, మడిస్తే నిలుస్తుంది. కాగితం విసనకర్ర చేసిన ప్రతి పిల్లకూ తెలిసిన సంగతే ఇది. కంకణాన్ని చేతికెక్కిస్తుంటే దారం సాగి మడతలు విప్పారతాయి, మణికట్టు దగ్గర మళ్లీ ముడుచుకుంటాయి. మొక్కల్లో ఆకులూ రేకులూ ఒక లయలో అమరే తీరే ఆమెకు పాఠం. ఇక్కడ కాగితం బంగారంలా నటించదు. ఈ పొంకం బంగారానికి చేతకాదు కూడా.

ఆ తోవలోనే ఫిన్లండులో యన్నా సివనోయా పాత పటాలనూ టెలిఫోన్ డైరెక్టరీలనూ ముక్కలుగా కోసి ఉక్కు తీగకు గుచ్చింది. మెక్సికోలోని ఓహాకాలో చిత్రకారుడు ఫ్రాన్సిస్కో టొలేడో పెట్టిన చేతికాగితం పనిశాలలో, అమెరికా నగల శిల్పి కిఫ్ స్లెమన్స్ 2000 నుంచి అక్కడి పనివాళ్లతో కలిసి హారాలు రూపొందించింది.

మన ఊళ్లలో మాత్రం క్విల్లింగ్‌దే రాజ్యం. పట్టీలను కొసాకొసా అతికించి బిళ్లలా బిగించి చుడతారు. నడిమధ్య బొటనవేలితో మెల్లగా నొక్కితే అది గిన్నెలా లోతుబడుతుంది. లోపల జిగురు పూసి ఆరనిస్తే బుట్ట. అంచున ముత్యాలు, పైన బంగారు రంగు. చూస్తే అచ్చం కంసాలి చేసిన బుట్టకమ్మలే. ఆ రంగు దగ్గరే నాకు కాస్త దిగులు, సన్యాసినుల నాటి ఆశ ఇంకా వదల్లేదని. కానీ చేతిలోకి తీసుకుంటే బరువే ఉండదు, బంగారు బుట్టలకు చెవి తమ్మెలు సాగిన పెద్దమ్మలు కూడా హాయిగా పెట్టుకుంటున్నారు. తాటాకు కమ్మ ఎండిపోతే ఇంకో ఆకు చుట్టుకునేవారు. దీనికి వార్నిష్ పట్టించి, తలంటుకునే ముందు తీసి పక్కన పెట్టుకోండమ్మా అని చెప్పి అమ్ముతున్నారు.