ఆంగ్లంలో అభిలాష, పశ్చాత్తాప వాక్యాలు: వ్యాకరణ చరిత్ర – తెలుగు అధ్యేత

ఉపోద్ఘాతం:

‘ఐ విష్ ఐ వర్ రిచ్’ అనే ఆంగ్ల వాక్యంలో కోరిక వర్తమానానికి చెందినది. ‘వర్’ మాత్రం భూతకాలరూపం. ‘ఐ విష్ ఐ హ్యాడ్ స్టడీడ్’ అనేది ‘చదివి ఉంటే బాగుండేది’ అనే పశ్చాత్తాపం; ఇక్కడ క్రియ మరో మెట్టు వెనక్కి జరిగింది. మొదటి వాక్యంలో తెలుగు విద్యార్థి ‘వర్’కు బదులు ‘యామ్’ అని రాస్తే దాన్ని కాలజ్ఞాన లోపంగా గణించడం పరిపాటి. ఈ రూపాల చరిత్రను పరిశీలిస్తే ఆ నిర్ణయాన్ని పునరాలోచించవలసి వస్తుంది.

1. రూపాల విలీనం:

ప్రాచీన ఆంగ్లంలో వాస్తవకథనానికి, ఊహకు వేర్వేరు క్రియారూపాలుండేవి. ‘పాడెను’ అనే వాస్తవానికి ‘సంగ్’, భూతకాలంలోనే ఊహార్థానికి ‘సుంగె’ వాడేవారు. మధ్య ఆంగ్ల దశలో ఊనిక లేని పదాంత అచ్చులు బలహీనపడి క్రమంగా లోపించాయి. ఫలితంగా ఊహార్థకరూపం దాదాపు అన్ని క్రియల్లోనూ సాధారణ భూతకాలరూపంలో కలిసిపోయింది. ఏకవచన కర్తతో వచ్చే ‘వర్’ ఆ పాత భేదానికి మిగిలిన సాక్ష్యం.

2. వ్యాకర్తల దృష్టి:

విలియం లిలీ పేరుతో 16వ శతాబ్దం నుండి ఇంగ్లండు పాఠశాలల్లో ప్రచారంలో ఉన్న లాటిన్ వ్యాకరణం ఆరు ‘మూడ్’లను పేర్కొంది. వాటిలో అభిలాషార్థకం ఒకటి. లాటిన్‌లో దానికి విడిగా రూపం లేకపోయినా అర్థాన్ని బట్టి ఆ పేరు నిలిచింది. 1795లో లిండ్లీ మర్రే ప్రచురించిన ఆంగ్ల వ్యాకరణం మూడ్‌లను ఐదుకు పరిమితం చేసి, కోరికను షరతుతోనూ ఊహతోనూ కలిపి ‘సబ్జంక్టివ్’లో చేర్చింది. 1924లో ఒటో యెస్పర్సన్ ‘ద ఫిలాసఫీ ఆఫ్ గ్రామర్’లో ఇటువంటి ప్రయోగాలను కాలేతర ప్రయోగాలుగా వివరించాడు. ఇక్కడి భూతకాలం గడచిన కాలాన్ని గాక, వాస్తవం కానిదాన్ని సూచిస్తుంది.

3. అభ్యాస పద్ధతి:

హెరాల్డ్ పామర్ 1916లో ప్రకటించిన ప్రత్యామ్నాయ పట్టికలు, హార్న్‌బీ 1954లో వెలువరించిన వాక్యనమూనాల గ్రంథం అభ్యాసానికి ప్రాధాన్యమిచ్చాయి. 1958లో హైదరాబాదులో ఏర్పడిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ కూడా ఉపాధ్యాయ శిక్షణలో నిర్మాణ పద్ధతిని ఆదరించింది. ‘ఐ యామ్ నాట్ రిచ్’ అనే వాక్యాన్నిచ్చి ‘ఐ విష్’తో తిరిగి రాయమనడం ఇటువంటి అభ్యాసాల్లో సుపరిచితమైనది. దీనివల్ల రూపం అలవడుతుంది. భూతకాలం ఎందుకు వచ్చిందన్నది మాత్రం బోధపడదు.

4. తెలుగులోని సామ్యం, భేదం:

చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) ఆశీరర్థకాన్ని, చేదర్థకాన్ని వేర్వేరుగా గుర్తించింది. వ్యావహారికంలో మరొక విశేషం కనిపిస్తుంది. ‘చిన్నప్పుడు రోజూ ఈదేవాణ్ణి’ అన్నప్పుడు ‘ఈదేవాణ్ణి’ గతకాలపు అలవాటును తెలుపుతుంది. ‘ఏట్లో నీళ్లుంటే ఈదేవాణ్ణి’ అన్నప్పుడు అదే రూపం జరగనిదాన్ని తెలుపుతుంది. ‘వస్తే బాగుండు’ అనేది ఆశకు చోటిస్తుంది. ‘వచ్చి ఉంటే బాగుండేది’ అన్నప్పుడు ఆ అవకాశం ముగిసిపోయింది. కాబట్టి భూతకాలరూపంతో అవాస్తవాన్ని సూచించడం తెలుగువారికి కొత్త కాదు.

భేదం ఆ రూపం ఉండే చోటిలో ఉంది. తెలుగులో అది ప్రధానక్రియపై ఉంటుంది; ‘ఉంటే’, ‘అయితే’ వంటి చేదర్థక రూపాలు కాలాన్ని సూచించవు. ఆంగ్లంలో ‘విష్’ వర్తమానంలోనే నిలిచి, ఉపవాక్యంలోని క్రియ భూతరూపం పొందుతుంది. కాలసూచన లేని ‘అయితే’కు సమానంగా విద్యార్థి ‘యామ్’ను ఎంచుకొంటున్నాడని భావించవచ్చు.

ముగింపు:

పై పరిశీలనను బట్టి, ఈ దోషాన్ని కాలజ్ఞాన లోపంగా గాక, రెండు భాషల వాక్యనిర్మాణ భేదంగా గ్రహించడం సమంజసం. ‘ఈదేవాణ్ణి’ వంటి ప్రయోగం నుండి పాఠం మొదలైతే, విద్యార్థికి తన భాషలో ఉన్న జ్ఞానమే ఆంగ్ల అభ్యాసానికి ఆధారమవుతుంది.