32 సెంట్ల కోత: లారెన్స్ మిల్లుల సమ్మె (1912), వేతనము, సంఘ బాధ్యత

సంఘ చరిత్రను మనము సాధారణముగా మహాసభలు, విశ్వాస ప్రమాణములు, ఉజ్జీవముల వరుసలో చదువుచుందుము. అయితే కొన్ని సమయములలో సంఘము యొక్క నిజమైన పరీక్ష కూలివాని జీతపు కవరులో దాగియుండును. అట్టి సందర్భమొకటి 1912లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమునకు చెందిన లారెన్స్ పట్టణములో సంభవించినది.

మెర్రిమాక్ నది నీటి బలము మీద లేచిన ఈ పట్టణము ఉన్ని, నూలు మిల్లులకు ప్రసిద్ధి. 1910 నాటికి దాని జనాభా సుమారు 86,000. ఇటలీ, పోలండ్, లిథువేనియా, సిరియా మొదలైన ప్రాంతముల నుండి వలస వచ్చినవారే కూలీలలో అధికులు.

చట్టము మేలు, ఫలితము కీడు

స్త్రీలు, 18 ఏండ్లలోపు పిల్లలు వారమునకు 56 గంటలకు బదులు 54 గంటలే పనిచేయవలెనను రాష్ట్ర చట్టము 1912 జనవరి 1న అమలులోనికి వచ్చినది. వీరు లేనిదే మగ్గములు నడువవు గనుక పురుషులకు కూడ పనిగంటలు తగ్గినవి. అంతకు ముందు 58 గంటలు 56కు తగ్గినప్పుడు యజమానులు కూలి రేట్లను సవరించిరి గనుక ఎవరికిని నష్టము కలుగలేదు. ఈసారి అట్లు చేయలేదు. జనవరి 11న ఎవరెట్ మిల్లులోని పోలిష్ స్త్రీలు తమ కవర్లు విప్పి చూడగా సుమారు 32 సెంట్లు తక్కువగా ఉన్నవి. వారు మగ్గములు ఆపి బయటకు నడచిరి. మరునాడు ఇతర మిల్లులును ఆగిపోయినవి. కొద్ది రోజులలో 20,000 మందికి పైగా సమ్మెలో చేరిరి.

32 సెంట్లు అంత పెద్ద మొత్తమా? సమాఖ్య ప్రభుత్వ కార్మిక కమిషనరు చార్లెస్ నీల్ జరిపించిన విచారణ దీనికి జవాబిచ్చుచున్నది. దాని ప్రకారము ఇక్కడి కూలీల సగటు వార సంపాదన 9 డాలర్ల కంటె తక్కువ. దాదాపు మూడవ వంతు మందికి 7 డాలర్లు కూడ రాలేదు. తండ్రి ఒక్కని జీతముతో ఇల్లు గడువదు గనుక తల్లియు పిల్లలును మిల్లుకు పోవలసి వచ్చెడిది. దీనికి తోడు అదనపు బహుమాన పద్ధతి ఒకటి ఉండెను. నాలుగు వారముల కాలములో ఒక రోజుకు మించి మానినచో ఆ అదనపు సొమ్ము పోవును. ఇట్టి ఇంటిలో 32 సెంట్లనగా కొన్ని రొట్టెలు. పేదవాని లెక్క పైసలలోనే ఉండును.

ఒక బాలిక సాక్ష్యము

ఆ మార్చిలో వాషింగ్టనులో శాసనసభా కమిటీ యెదుట కమెల్లా తియోలి అను ఇటాలియన్ బాలిక సాక్ష్యమిచ్చినది. ఒకడు ఆమె తండ్రి యొద్ద 4 డాలర్లు తీసికొని, ఆమెకు 14 ఏండ్లు నిండినట్లు కాగితములు తెప్పించెను. పనిలో చేరిన కొలది దినములకే ఆమె జుట్టు యంత్రములో చిక్కి తల చర్మము ఊడిపోయినది. ఏడు నెలలు ఆసుపత్రిలో ఉండెను. కంపెనీ వైద్యపు ఖర్చు భరించినది గాని ఆ కాలమునకు కూలి ఇయ్యలేదు. సమ్మెలో ఎందుకు చేరితివని అడుగగా, ఇంటిలో తినుటకు చాలనందున అని ఆమె చెప్పెను.

అప్పటికే ఫిబ్రవరి 24న, పిల్లలను వేరే పట్టణములోని దయగల కుటుంబముల యొద్దకు పంపుచున్న తల్లులను పోలీసులు రైల్వే స్టేషనులో లాఠీలతో కొట్టిరి. దేశము ఉలికిపడినది. మార్చి 14న సమ్మె ముగిసెను. అతి తక్కువ కూలి గలవారికి ఎక్కువ శాతము పెంపు దొరికినది, అదనపు పనికి అదనపు రేటు ఒప్పుకొనబడినది.

సంఘము ఎక్కడ నిలిచినది?

1908 డిసెంబరులో ఫిలడెల్ఫియాలో అమెరికా సంఘముల సమాఖ్య ఒక సామాజిక ప్రమాణమును ఆమోదించినది. జీవించుటకు చాలిన కూలి, బాలకార్మికత్వ నిర్మూలన, ఏడింట ఒక దినపు విశ్రాంతి దానిలో స్పష్టముగా ఉన్నవి. నాలుగేండ్ల తరువాత లారెన్సులో వినబడిన స్వరము వేరు. పట్టణములోని ప్రముఖ కతోలిక గురువు జేమ్స్ ఓరైలీ సమ్మె నడిపిన సంఘటనకు గట్టి వ్యతిరేకి. సెప్టెంబరులో కొందరు దేవుడును యజమానుడును వద్దను బ్యానరు పట్టి నడిచినప్పుడు, దానికి ప్రతిగా అక్టోబరు 12న దేవుని కొరకు, దేశము కొరకు అని గొప్ప ఊరేగింపు జరిగినది. ఆ బ్యానరు విశ్వాసులను నొప్పించుట సహజమే. కాని ఊరేగింపు జెండాకు జవాబిచ్చినది, జీతపు కవరుకు కాదు.

ఇంకొక మార్గమును లేకపోలేదు. 1919లో ఉక్కు కార్మికుల సమ్మె కాలమున మెథడిస్టు బిషప్పు ఫ్రాన్సిస్ మెకానెల్ అధ్యక్షతన సంఘముల కమిషను ఒకటి విచారణ జరిపి 1920లో నివేదిక ప్రకటించెను. కార్మికులలో సుమారు సగము మంది దినమునకు 12 గంటలు పనిచేయుచున్నారని అది లెక్కలతో చూపినది. సమ్మె ఓడిపోయినది గాని, ఆ నివేదిక రేపిన ప్రజాభిప్రాయము కూడ తోడై 1923లో ఉక్కు కంపెనీ 12 గంటల దినమును విడిచిపెట్టెను.

ఈ రెండు చరిత్రలు మమ్మును గద్దించుచున్నవి. మేము తెలంగాణలో సేవచేసిన ఒక సంఘములో బీడీలు చుట్టు స్త్రీలు ఎందరో ఉండిరి. నాసిరకమని పక్కకు నెట్టిన కట్టలకు వారికి కూలి రాదు. వారి కానుకల కవర్లను మేము ప్రతి ఆదివారము లెక్కించితిమి. వారి కూలి ఎట్లు లెక్కింపబడుచున్నదో అడుగుటకు మాకు ఏడేండ్లు పట్టినది. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయము మీద ప్రసంగించుట తేలిక. శనివారము సాయంత్రము ఒక ఇంట కూర్చుండి, ఈ వారము ఎంత వచ్చెనమ్మా, ఎంత కోసిరి అని అడుగుట కష్టము. లారెన్స్ మనకు నేర్పు పాఠము ఆ ప్రశ్నతోనే ఆరంభమగుచున్నది.