మతం, సమాజం, స్మృతి: విజయనగరం సిరిమానోత్సవం – ఒక పరిశీలన

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు మతాన్ని సమాజశాస్త్ర దృష్టితో చూడడమంటే ఏమిటో వివరించగలుగుతారు. ఒక చారిత్రక సంఘటన ఆరాధనగా మారే క్రమాన్ని గుర్తించగలుగుతారు. డర్క్‌హైమ్, వెబర్, హాల్బ్‌వాక్స్ భావనలను ఉత్తరాంధ్రలోని ఒక ఉత్సవానికి అన్వయించగలుగుతారు.

1. ప్రవేశిక

దేవుడు ఉన్నాడా, లేడా అనే ప్రశ్న తత్త్వశాస్త్రానికీ, వ్యక్తుల విశ్వాసానికీ సంబంధించినది. సమాజశాస్త్రం ఆ ప్రశ్న జోలికి పోదు. ఒక విశ్వాసాన్ని ఎవరు కలిసి పాటిస్తున్నారు, ఆ పాటించడం వల్ల వారి మధ్య ఏ సంబంధాలు ఏర్పడుతున్నాయి, అధికారం ఎవరి చేతిలో ఉంటున్నది అని అడుగుతుంది. కాబట్టి ఈ పాఠం చదవడానికి మీరు భక్తులు కావలసిన అవసరం లేదు, భక్తిని వదులుకోవలసిన అవసరమూ లేదు.

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో అరసవల్లి సూర్యదేవాలయం, శ్రీకూర్మం, శ్రీముఖలింగం వంటి ప్రసిద్ధ క్షేత్రాలున్నాయి. శాలిహుండం, రామతీర్థం పరిసరాల్లో బౌద్ధ అవశేషాలున్నాయి. అయితే ఇక్కడి పల్లెల్లో సామాన్యుల జీవితాన్ని దగ్గరగా అంటిపెట్టుకొని ఉన్నది గ్రామదేవతల ఆరాధన. అందుకే విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవాన్ని మనం ఉదాహరణగా తీసుకుంటున్నాం.

2. యుద్ధం – చరిత్ర, సంప్రదాయ కథనం

18వ శతాబ్ది మధ్యలో ఉత్తర సర్కారులు ఫ్రెంచివారి అధీనంలో ఉండేవి. ఫ్రెంచి సేనాని బుస్సీ అండతో విజయనగర ప్రభువు పెద విజయరామరాజు పొరుగున ఉన్న బొబ్బిలిపై దండెత్తాడు. 1757 జనవరి 24న బొబ్బిలి కోట పడిపోయింది. ఓటమి తప్పదని తెలిసిన కోటలోని వారు తమ స్త్రీలను, పిల్లలను తామే చంపుకొని, చివరివరకూ పోరాడి మరణించారు. మూడవనాటి రాత్రి తాండ్ర పాపారాయుడు గుడారంలోకి చొరబడి విజయరామరాజును చంపాడు. ఆంగ్ల చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ ఆ శతాబ్దంలోనే ఈ సంఘటనలను నమోదు చేశాడు.

స్థానిక సంప్రదాయం దీనికి మరొక కథను జోడిస్తుంది. విజయరామరాజు చెల్లెలు పైడిమాంబ దేవీ ఉపాసకురాలు. యుద్ధం వద్దని ఆమె వారించింది. అన్నకు రానున్న ఆపద తెలిసి, కబురు అందించాలని బయలుదేరి, దారిలోనే మరణవార్త విన్నది. ఆ దుఃఖంతో పెద్దచెరువులో లీనమైంది. తరువాత పతివాడ అప్పలస్వామి అనే భక్తునికి కలలో కనిపించి, చెరువులో ఉన్న తన విగ్రహాన్ని తీయించి గుడి కట్టించమని చెప్పింది. విగ్రహం విజయదశమినాడు బయటపడిందని అంటారు.

ఇక్కడ మీరు ఒక తేడాను గమనించాలి. కోట ముట్టడి, రాజు మరణం సమకాలీన ఆధారాలున్న సంఘటనలు. పైడిమాంబ కథ ప్రధానంగా జనశ్రుతి ద్వారా మనకు అందింది. అంతమాత్రాన ఆ కథకు విలువ లేదనుకోరాదు. ఒక సమాజం తన గాయాన్ని ఎలా అర్థం చేసుకున్నదో చెప్పే ఆధారం అదే.

3. ఒకే యుద్ధం, రెండు జ్ఞాపకాలు

డర్క్‌హైమ్ సంప్రదాయానికి చెందిన మారిస్ హాల్బ్‌వాక్స్ 1925లో ఒక ముఖ్యమైన భావనను ప్రతిపాదించాడు. జ్ఞాపకం వ్యక్తి మనసులో మాత్రమే ఉండదు. కుటుంబం, మతం, వర్గం వంటి సమూహాలు ఏర్పరచిన చట్రాల్లోనే మనం గతాన్ని గుర్తుచేసుకుంటాం. దీనిని సామూహిక స్మృతి అంటారు.

ఈ భావనకు మన ప్రాంతమే మంచి నిదర్శనం. ఓడిపోయిన బొబ్బిలి వీరగాథగా నిలిచింది. జానపద గాయకులు బొబ్బిలి కథను ఊరూరా పాడారు, దిట్టకవి నారాయణకవి రంగరాయ చరిత్రము రాశాడు, 1964లో అది సినిమాగా కూడా వచ్చింది. గెలిచిన విజయనగరంలో మాత్రం ఆ విజయం పండుగ కాలేదు. యుద్ధం వద్దన్న ఆడపడుచు దేవత అయింది. ఓడినవారికి పాట మిగిలింది, గెలిచినవారికి గుడి మిగిలింది. రాజు గెలిచి కూడా ప్రాణం కోల్పోయిన యుద్ధాన్ని గొప్పగా చెప్పుకోవడం విజయనగరానికి కష్టం. ఆ కష్టానికి మతం ఒక రూపాన్నిచ్చింది. మతాన్ని మత్తుమందుతో పోల్చిన మార్క్స్ కూడా, 1844లో ఆ మాట రాసిన చోటనే, అది నిజమైన బాధ వ్యక్తమయ్యే మార్గమని గుర్తించాడని మరువకండి.

4. ఉత్సవ స్వరూపం

విజయదశమి తరువాత వచ్చే మంగళవారం సిరిమానోత్సవం జరుగుతుంది. అమ్మవారికి రైల్వేస్టేషన్ సమీపంలో వనంగుడి, మూడులాంతర్ల కూడలి వద్ద చదురుగుడి ఉన్నాయి. సిరిమానుకు తగిన చెట్టు ఎక్కడున్నదో అమ్మవారు పూజారికి కలలో చెబుతుందని విశ్వాసం. తరచుగా అది చింతమాను అవుతుంది. సుమారు 50, 60 అడుగుల పొడవున్న ఆ మానును చెక్కి, బండిపై అమర్చి, చివరన ఆసనం కట్టి, అమ్మవారి ప్రతిరూపంగా పూజారిని కూర్చోబెడతారు. సిరిమాను చదురుగుడి నుండి కోట వరకు మూడుసార్లు తిరుగుతుంది. భక్తులు అరటిపండ్లు విసిరి మొక్కుకుంటారు. దానికి ముందుగా పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు, బెస్తవారి వల నడుస్తాయి. ముందురోజు సోమవారం తొలేళ్ళు. ఆనాడు రైతులు అమ్మవారి ప్రసాదంగా విత్తనాలు అందుకొని తమ పొలంలో చల్లుకుంటారు.

ఇలాంటి మాను ఉత్సవాలు ఇతర చోట్లా ఉన్నాయి. మక్కువ మండలం శంబర పోలమాంబ జాతరలోనూ సిరిమాను ఉంది. దక్షిణ భారతంలోనూ, బెంగాల్‌లోనూ ఒకప్పుడు మనిషి వీపుకు ఇనుప కొక్కేలు గుచ్చి మానుకు వేలాడదీసి తిప్పే ఆచారం ఉండేది. తెలుగునాట దీనిని సిడి అనేవారు. బెంగాల్‌లో 1865లో ప్రభుత్వం దానిని నిషేధించింది. విజయనగరం సిరిమాను దాని నుండే వచ్చిందని చెప్పడానికి రూపంలోని పోలిక ఒక్కటే చాలదు. అయితే ఆచారాలు కాలంతోపాటు మారతాయని, రాజ్యం, సంస్కర్తలు, భక్తులు కలిసి వాటిని మారుస్తారని ఈ పోలిక మనకు గుర్తుచేస్తుంది.

5. ఐక్యత, అంతస్తు

ఎమిల్ డర్క్‌హైమ్ 1912లో ప్రచురించిన గ్రంథంలో మతాన్ని పవిత్ర వస్తువులకు సంబంధించిన విశ్వాసాల, ఆచారాల వ్యవస్థగా నిర్వచించాడు. అవి పాటించేవారిని ఒకే నైతిక సమాజంగా కలుపుతాయని అన్నాడు. జనం ఒకచోట చేరినప్పుడు పుట్టే సామూహిక ఉద్వేగం ద్వారా సమాజం తన శక్తిని తానే అనుభవిస్తుందన్నది ఆయన వాదన. సిరిమాను కదిలే క్షణంలో వీధులనిండా వినిపించే జయజయధ్వానాలు విన్నవారికి ఈ మాట తేలికగానే అర్థమవుతుంది.

కానీ ఇక్కడితో ఆగితే సగమే చూసినట్లు. ఉత్సవం అందరినీ కలుపుతుంది, నిజమే. అయితే ఒక్కొక్కరిని ఒక్కొక్క చోట నిలబెట్టి కలుపుతుంది. విగ్రహాన్ని చెరువులోంచి తీయడంలో జాలరులు చేసిన సాయానికి గుర్తుగా బెస్తవారి వల ఊరేగుతుందని చెబుతారు. పూజారి పదవి వంశపారంపర్యం. పూసపాటి వంశీయులు కోట బురుజుపై కూర్చుని సిరిమానును తిలకిస్తారు. 1794లో పద్మనాభం యుద్ధంలో చిన విజయరామరాజు మరణంతో విజయనగరం సైనిక బలం ముగిసింది. 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీలూ పోయాయి. అయినా బురుజుపై ఆ స్థానం మాత్రం ఉంది. చట్టం తీసివేసినదాన్ని ఆచారం జ్ఞాపకంగా నిలుపుకున్నది.

మాక్స్ వెబర్ అధికారాన్ని మూడు రకాలుగా విభజించాడు: వ్యక్తి మహిమపై ఆధారపడినది, సంప్రదాయంపై ఆధారపడినది, చట్టంపై ఆధారపడినది. ఈ మూడూ సిరిమాను చుట్టూ కనిపిస్తాయి. చెట్టును ఎంపిక చేసేది కల. ఆ కల కనే అర్హత వంశం నుండి వస్తుంది. ఆలయ నిర్వహణ దేవాదాయ శాఖది, జనసమ్మర్దాన్ని అదుపు చేసేది పోలీసులు.

6. మీ ఊరిలో పరిశీలించండి

శ్రీకాకుళం పల్లెల నుండి ఎందరో పనికోసం విశాఖపట్నం, హైదరాబాదు, చెన్నై వెళ్తున్నారు. తీరగ్రామాల మత్స్యకారులు గుజరాత్ వరకూ వలస వెళ్తారు. అమ్మవారి సంబరం అంటే ఇలాంటివారిలో చాలామంది తిరిగి వస్తారు. ఏడాదంతా చెదిరి ఉన్న ఊరు ఆ రెండు మూడు రోజులే ఊరుగా కనిపిస్తుంది. కనుక ఊరు అంటే ఎవరెవరు అన్నది తేలేదీ ఆ రోజుల్లోనే.

మీ ఊరి సంబరాన్ని ఈ దృష్టితో చూడండి. చందా ఎవరు నిర్ణయిస్తారు? మొదటి ఘటం ఎవరి ఇంటి నుండి బయలుదేరుతుంది? డప్పు కొట్టేవారికి గుడి ముందు ఏ చోటు ఇస్తారు? ఊరేగింపు ఏ వీధి వరకు వెళ్లి వెనక్కి తిరుగుతుంది? చివరి ప్రశ్న చిన్నదిగా కనిపించవచ్చు. ఊరేగింపు రాని వీధిలో ఉన్నవారికి అది చిన్న ప్రశ్న కాదు. అమ్మవారు ఊరందరికీ తల్లి అయినప్పుడు, ఆమె దారి ఎక్కడ ఆగుతున్నదో చూస్తే సమాజం తన హద్దును ఎక్కడ గీసుకున్నదో తెలుస్తుంది. ఆ దారి ఒక్క వీధి ముందుకు సాగినా సమాజం మారుతున్నట్లే.

7. సారాంశం

1757 నాటి విషాదాన్ని విజయనగరం ఆరాధనగా మలచుకున్నది. ఆ ఆరాధన రాజవంశాన్ని, పూజారిని, జాలరిని, రైతును ఒక దారిలో నడిపించింది. మతం సమాజాన్ని కలుపుతుంది, దాని అంతస్తులను చూపిస్తుంది, దాని గాయాలను గుర్తుంచుకుంటుంది. ఈ మూడింటినీ కలిపి చూడడమే సమాజశాస్త్ర అధ్యయనం.

నమూనా పరీక్ష ప్రశ్నలు

1. సామూహిక స్మృతి అంటే ఏమిటి? బొబ్బిలి యుద్ధాన్ని ఆధారంగా చేసుకొని వివరించండి.
2. ‘ఉత్సవం ఐక్యతను, అంతస్తును ఏకకాలంలో వ్యక్తం చేస్తుంది.’ సిరిమానోత్సవం ఆధారంగా చర్చించండి.
3. వెబర్ చెప్పిన మూడు రకాల అధికారాన్ని మీ ఊరి గ్రామదేవత సంబరానికి అన్వయించండి.